రూలీ పేరు పక్కన సిలువ

మా దగ్గర పుట్టినరోజుకి ఎవరినీ పిలవరు. పిలవడమంటే అడుక్కోవడమే. తేదీ గుర్తున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, గుర్తులేనివాళ్ళు రారు. రానివాళ్ళని ఎందుకు రాలేదని అడగడం ఇంకా సిగ్గుచేటు. కేకు తెచ్చుకోవాల్సింది పుట్టినవాళ్ళే, కుర్చీలు గుండ్రంగా వేసుకోవాల్సింది పుట్టినవాళ్ళే, కాఫీ కాచుకుని తలుపు వైపు చూస్తూ కూర్చోవాల్సిందీ వాళ్ళే. మనిషిని ఏడిపించడానికి ఇంతకన్నా మంచి ఆచారం కనిపెట్టమంటే మా మెప్పెల్ ఊళ్ళో ఎవరివల్లా కాదు.

ఎవరు ఎప్పుడు పుట్టారో మర్చిపోకుండా ప్రతి ఇంట్లోనూ మరుగుదొడ్డి గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతుంది. అందులో వారాలుండవు, సంవత్సరం ఉండదు. పన్నెండు కాగితాలు, ఒక్కో తేదీకి ఒక్కో గీత, గీత మీద పేరు. రోజూ అక్కడ కూర్చోక తప్పదు గనక రోజూ చూడకా తప్పదు. కొత్త కోడలి పేరు ఎక్కుతుంది, నిన్న పుట్టిన పసిగుడ్డు పేరు ఎక్కుతుంది. విడాకులు తీసుకున్నదాని పేరు కొట్టేస్తారు. నా పేరు మూడిళ్ళలో కొట్టేశారు, ఒక ఇంట్లో కళ్ళారా చూసి కూడా వచ్చాను. చచ్చిపోయినవాళ్ళని మాత్రం కొట్టెయ్యరు. పేరు పక్కన చిన్న సిలువ గుర్తు వేసి వదిలేస్తారు.

రూలీ, నేను ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీలో ఇరవై రెండేళ్ళు ఒకే యంత్రం మీద పని చేశాం. తడి దుప్పటిని వేడి రోలరు కిందికి పంపాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఆ కొస, ఒకరు ఈ కొస. నేను గంటకి వెయ్యి మాటలు మాట్లాడితే ఆమె నాలుగు మాట్లాడేది, ఆ నాలుగూ నా వెయ్యినీ మింగేసేవి. ఒకసారి సూపర్‌వైజరు వచ్చి, "ఏమ్మా రూలీ, నువ్వెప్పుడూ నోరు విప్పవేం?" అని అడిగాడు.

"ఫెమ్మీ ఊపిరి పీల్చుకునేటప్పుడు విప్పుతాను సార్, కాస్త ఆగండి," అంది.

ఫెమ్మీ అంటే నేనే.

ఆమెకి తల్లీ తండ్రీ లేరు. అసెన్‌లో అనాథాశ్రమంలో పెరిగింది. అక్కడ ఒక నెలలో పుట్టిన పిల్లలందరికీ కలిపి ఆ నెల ఆఖరి శనివారం ఒకే కేకు కోసేవారట. "మార్చిలో తొమ్మిదిమందిమి. నా ముక్క మీదికి ఎప్పుడూ పండు వచ్చేది కాదు," అని ఒకసారి చెప్పింది. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ముప్పయ్యో ఏట బేరెండ్‌ని చేసుకుంది. పాల ట్యాంకరు నడిపేవాడు. నవ్వాడంటే పక్కింటి కుక్క మొరిగేది, అంత గొంతు. అతని వెనకాల పెద్ద సంసారం ఉంది: హావెల్టలో ఉండే అక్క హెర్మీన్, బావ లుబ్బర్ట్, ఇద్దరు తమ్ముళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, మొత్తం పదమూడుమంది. రూలీకి పిల్లలు కలగలేదు. నా అనుకోవడానికి ఆమెకి భూమ్మీద ఆ పదమూడుమందే. పెళ్ళయిన కొత్తలో ఆ పేర్లన్నీ తన క్యాలెండర్‌లో రాసుకుని, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుందట. అన్ని పేర్లు తనవి అనుకోవడం అదే మొదటిసారి.

బేరెండ్ మార్చి పదహారున పుట్టాడు, రూలీ పదిహేడున. "దేవుడు పొదుపరి, ఇద్దరికీ ఒక్క కేకుతో కానిచ్చాడు," అనేవాడు బేరెండ్. ముప్పయ్యొక్క ఏళ్ళు పదహారునే ఇద్దరికీ కలిపి చేసుకున్నారు. నేనూ వెళ్ళేదాన్ని. మోకాలికి మోకాలు తగిలేలా గుండ్రంగా కుర్చీలు. వచ్చినవాడు పుట్టినవాడికి చెయ్యి కలిపి ఊరుకుంటే కుదరదు, వరస పెట్టి అందరికీ చెప్పుకుంటూ రావాలి. "నీ తమ్ముడి పుట్టినరోజు శుభాకాంక్షలు హెర్మీన్." "నీ బావమరిది పుట్టినరోజు శుభాకాంక్షలు లుబ్బర్ట్." రూలీ దగ్గరికి వచ్చి, "మీ ఆయన పుట్టినరోజు శుభాకాంక్షలు రూలీ," అనేవారు. చెయ్యి వదిలేశాక, "అన్నట్టు నీదీ రేపేగా!" అనేవారు. తలో ముక్క కేకు, ఒకసారి తిరిగి మూత పడిపోయే బిస్కెట్ డబ్బా, తర్వాత చీజ్ ముక్కలు. అయిదు కొట్టగానే అందరూ లేచి కోట్లు తొడుక్కునేవారు.

మర్నాడు రూలీ మిగిలిన కేకు డబ్బాలో పెట్టుకుని లాండ్రీకి తెచ్చేది. "ఇవాళ నా పుట్టినరోజు. కేకు మాత్రం నిన్నటిది," అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. బుద్ధి లేకపోతే సరి.

ఒక ఆగస్టులో బేరెండ్ ట్యాంకరు రోడ్డు పక్కకి తీసి, బ్రేకు వేసి, స్టీరింగ్ మీద తల వాల్చి పోయాడు. అంత్యక్రియలకి పదమూడుమందీ వచ్చారు. హెర్మీన్ రూలీని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "నువ్వెప్పుడూ మా మనిషివే," అంది. అది నేను నా చెవులతో విన్నాను.

తర్వాతి మార్చి పదహారున హెర్మీన్ ఫోన్ చేసి, "ఇవాళ్టికి వాడికి అరవై అయిదు నిండేవి," అని అరగంట ఏడ్చింది. పదిహేడున రూలీ ఎనిమిది కుర్చీలు వేసింది. మధ్యాహ్నం పూలకుండీ పట్టుకుని నేను వెళ్ళేసరికి ఎనిమిదీ ఖాళీ. ఎవరూ రాలేదు, ఫోన్ చెయ్యలేదు. "ఇంకా దుఃఖంలో ఉన్నారులే," అంది. రెండో ఏడు అయిదు కుర్చీలు వేసింది. మూడో ఏడు మూడే వేసింది, అందులో ఒకటి తనది.

"ఒసే, ఫోన్ చేసి అడిగితే నీ సొమ్మేం పోయిందే?" అన్నాను.

"అడిగితే వస్తారే."

"రానీ!"

"అడిగితే వచ్చేవాళ్ళు నాకెందుకు?" అంది.

తను మాత్రం ఆ పదమూడుమందిలో ఒక్కరి పుట్టినరోజూ వదల్లేదు. వానలో కూడా సైకిలు తొక్కుకుంటూ పోయేది. అలాగే ఆ అక్టోబర్లో హెర్మీన్ పుట్టినరోజుకి హావెల్ట వెళ్ళింది. సోమవారం పొద్దున్న పనిలోకి వస్తూనే నా పక్కకి చేరింది. మొహం వెలిగిపోతోంది.

"ఫెమ్మీ, నేను చచ్చిపోయానే."

"ఏమిటీ?"

"నిజం. హెర్మీన్ ఇంట్లో. పోయి మూడేళ్ళు దాటింది. నాకే ఎవరూ చెప్పలేదు."

హెర్మీన్ వాళ్ళ మరుగుదొడ్లో కూర్చుని, ఊసుపోక క్యాలెండర్ కాగితాలు తిప్పిందట. మార్చి వచ్చింది. పదహారో గీత మీద బేరెండ్ పేరు, పక్కన ఏమీ లేదు. దాని కింద పదిహేడో గీత మీద రూలీ పేరు, పక్కన సిలువ.

"అంత్యక్రియల సాయంత్రం వేసుంటుంది, ఏడుస్తూ," అంది రూలీ. "కళ్ళనిండా నీళ్ళు, ఒక గీత కిందికి జారింది. బేరెండ్ బతికాడు, నేను పోయాను. మరి ఎలా వస్తారు చెప్పు? సిలువ కనబడితే ఎవరైనా దాటేసి పోతారు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ సంసారానికి హెర్మీన్ క్యాలెండరే పంచాంగం. రేపు ఫలానావాళ్ళ పుట్టినరోజు అని ముందురోజే ఆమె వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, అది చూసి మిగతా అందరూ కదులుతారు. ఆ గ్రూపులో రూలీ లేదు. బేరెండ్ ఫోన్ ఉండేది, అతనితోపాటే అదీ మూలబడింది.

"నువ్వు బతికున్నావని హెర్మీన్‌కి తెలీదా? ఎదురుగా కూర్చోబెట్టి కేకు పెట్టింది కదే!"

"తెలుసు. అయినా అక్కడ కూర్చున్నప్పుడు ఆలోచించేవాళ్ళెవరు? చూస్తారు, లేస్తారు," అని విరగబడి నవ్వింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అంత నవ్వడం నేను చూడలేదు.

ఆ చలికాలమంతా అదే సరదా. సూపర్‌వైజరు శనివారం కూడా రమ్మంటే, "చచ్చినదాన్ని సార్, నాకు ఓవర్‌టైం వర్తించదు," అనేది. జలుబు చేస్తే, "ఇంకేం చేస్తుందిలే నన్ను," అనేది. దుప్పటి కొస పట్టుకుని ఏదో కూనిరాగం కూడా తీసేది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. మూడేళ్ళుగా ఆమెని లోపల ఏది తింటోందో నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళకి నేను అక్కర్లేదా అన్న ఒక్క ప్రశ్న. ఇప్పుడు దానికి జవాబు దొరికింది: అక్కర్లేక కాదు, గీత తప్పింది.

"అయితే చెప్పేద్దాం," అన్నాను నేను. "ఒక్క ముక్క చాలు, దిద్దేస్తుంది."

"వద్దు."

"ఎందుకే?"

"వద్దన్నానా? నువ్వు నోరు మూసుకో. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను. అప్పుడు ఆమె మొహంలో ఏదో వచ్చి పోయింది. నేను దాన్ని బిడియం అనుకున్నాను. మా ఊరివాళ్ళందరికీ ఉండే పాడు బిడియం, అడిగితే ఎక్కడ చిన్నబోతామో అన్న బిడియం. నాకది ఒళ్ళు మంట. నేను వంకర దుప్పటి చూస్తే ఊరుకోలేను. తప్పు కళ్ళెదురుగా ఉంటే దిద్దకుండా నిద్ర పట్టని రకాన్ని.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం, హెర్మీన్ కేకు డబ్బా ఒకటి నా దగ్గర ఉండిపోతే, దాన్ని వంక పెట్టుకుని బయల్దేరాను. పది కిలోమీటర్లు ఎదురుగాలిలో పళ్ళు బిగించి తొక్కాను. కాఫీ ఇచ్చారు, ఒక బిస్కెట్ ఇచ్చారు. మరుగుదొడ్డికి వెళ్ళొస్తానని లేచాను. మెట్ల కింద గది. కాగితాలు తిప్పాను, రూలీ చెప్పినట్టే ఉంది. తలుపు తీసి కేకేశాను.

"హెర్మీన్, ఒకసారి ఇలా రా."

"ఏమైంది, నీళ్ళు పోవట్లేదా?"

"నీళ్ళు పోతున్నాయి. నువ్వొచ్చి ఇది చదువు."

హెర్మీన్ భారీ మనిషి, నేనూ సన్నమేమీ కాదు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది మా పని. కళ్ళజోడు సర్దుకుని, "మార్చి పదహారు, బేరెండ్," అని చదివింది. "పదిహేడు, రూలీ..." అని ఆగిపోయింది. "అయ్యో దేవుడా!"

వంటింట్లోంచి లుబ్బర్ట్ అరిచాడు: "ఇద్దరూ అందులో ఏం చేస్తున్నారే?"

"నేను రూలీని చంపేశానయ్యా!"

"ఎప్పుడు?"

"బేరెండ్ అంత్యక్రియల రోజు!"

"మరి మొన్న అక్టోబర్లో వచ్చి రెండు కప్పుల కాఫీ తాగిందెవరు?"

నాకు నవ్వాగలేదు. హెర్మీన్ నవ్వింది, వెంటనే ఏడ్చింది. వైట్‌నర్ తెచ్చి సిలువ మీద పూసి ఊదింది. పెన్ను తీసుకుని బేరెండ్ పేరు పక్కన సిలువ వెయ్యబోతే చెయ్యి రాలేదు, కమోడ్ మూత మీద కూలబడింది. కాసేపటికి వేసింది. ఆ మనిషి నటించలేదు. అది నిజంగానే పొరపాటు, ప్రమాణం చేసి చెబుతాను.

"పదిహేడు ఈసారి శనివారం పడింది," అన్నాను నేను, గోడతో అన్నట్టుగా. అంతకన్నా అంటే పిలిచినట్టవుతుంది.

"ఇక మర్చిపోతామా? కనబడుతూనే ఉందిగా," అంది హెర్మీన్.

నేను గెలిచాననుకున్నాను. తిరుగుదారిలో గాలి వెనకనుంచి తోసింది, ఈల వేసుకుంటూ వచ్చాను.

సోమవారం రోలరు దగ్గర రూలీకి చెప్పాను. ఆమె తన కొస వదిలేసింది. దుప్పటి ముద్దలా లోపలికి పోయి యంత్రం ఆగింది.

"నిన్నెవరు వెళ్ళమన్నారు?"

"మంచికే కదే..."

"ఒట్టు వేశావు."

ఆ రోజంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆమె వింటున్నట్టు కూడా లేదు. మంగళవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి, "నీ దగ్గర మడత కుర్చీలెన్ని ఉన్నాయి?" అంది.

"ఆరు."

"తీసుకురా."

పదిహేడు పొద్దున్నే తీసుకెళ్ళాను. సోఫా గోడకి జరిపేసి, కుర్చీలన్నీ గుండ్రంగా వేశాం, నావి ఆరు, ఆమెవి తొమ్మిది. బేకరీనుంచి రెండు పెద్ద కేకులు, పైన ఎర్రగా స్ట్రాబెర్రీలు. ఎవరి ముక్కకీ తక్కువ కాకుండా పండ్లు ఎక్కువ వెయ్యమని చెప్పి చేయించుకుందట. నీలం జాకెట్టు వేసుకుంది, జుట్టు దువ్వించుకొచ్చింది. అరవై నాలుగేళ్ళ మనిషి, బుగ్గలు ఎర్రగా అయి చిన్నపిల్లలా ఉంది.

పదకొండింటికి పోస్ట్ వచ్చింది. తలుపు లోపలి చాప మీద ఒక్క కవరు పడింది. తెరిచింది. పూలబుట్ట బొమ్మ ఉన్న కార్డు. 'పుట్టినరోజు శుభాకాంక్షలు. హెర్మీన్, లుబ్బర్ట్, ఇంకా మేమందరం.'

రాబోయేవాళ్ళు కార్డు పంపరు. వచ్చేవాళ్ళు చేత్తో పువ్వులు తెస్తారు, రానివాళ్ళు స్టాంపు అంటిస్తారు. అది మా దగ్గర పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

"చూశావా, గుర్తుంది," అంది రూలీ.

"ఊఁ."

"బహుశా చేతికివ్వడం మర్చిపోతామేమోనని ముందే పంపారు."

"అయ్యుంటుంది," అన్నాను. జన్మలో అంత చిన్న మాట నేనెప్పుడూ అనలేదు.

కార్డు కిటికీ గట్టు మీద నిలబెట్టింది. రెండింటికి కాఫీ కాచింది. ఇద్దరం కూర్చున్నాం, పదిహేను కుర్చీల్లో ఎదురెదురుగా. పక్కపక్కన కూర్చుంటే బాగుండేది, కానీ పక్క కుర్చీ వచ్చేవాళ్ళకి ఉంచాలని ఇద్దరం అనుకున్నాం కాబోలు. రెండున్నరకి వీధిలో సైకిలు గంట వినబడితే లేచి నిలబడింది. పక్కింటాయన. మూడున్నరకి కాఫీ పారబోసి మళ్ళీ కాచింది.

నాలుగింటికి నా ఓపిక అయిపోయింది. "నేను ఫోన్ చేసి ఆ హెర్మీన్‌కి నాలుగు చీవాట్లు పెడతాను," అని లేచాను.

"ముట్టుకున్నావంటే చంపేస్తాను," అంది. అరవలేదు. కూర్చున్నాను.

చర్చి గంట అయిదు కొట్టింది. ఇక ఎవరూ రారు, మా దగ్గర అయిదు తర్వాత ఎవరూ ఎవరింటికీ రారు. రూలీ జాకెట్టు మీద లేని దుమ్ము దులుపుకుంది.

"ఈ అయిదు నెలలు నేనెంత హాయిగా ఉన్నానో తెలుసా?" అంది.

"తెలుసు."

"వాళ్ళు రాకపోవడానికి ఒక కారణం ఉండేది. గోరంత సిలువ. అది అక్కడున్నన్నాళ్ళూ, అది లేకపోతే వచ్చేవాళ్ళే అనుకోవచ్చు. నేను పోయేదాకా అలాగే అనుకుంటూ గడిపేసేదాన్ని. వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఎందుకు వద్దన్నానో నీ బుర్రకి తట్టలేదా?"

చల్లారిన కాఫీ కప్పు చేతిలో అటూ ఇటూ తిప్పాను. గంటకి వెయ్యి మాటలు మాట్లాడేదాన్ని.

"బేరెండ్ కోసం వచ్చేవాళ్ళు," అంది. "ముప్పయ్యొక్క ఏళ్ళూ ఆయన కోసమే. నేను కేకు కోసిచ్చే మనిషిని. నాకు లోపల తెలుస్తూనే ఉంది. కాని తెలియడం వేరు, ఇలా కుర్చీలు వేసుకుని చూడటం వేరు. ఇప్పుడు నేను బతికే ఉన్నానని వాళ్ళకి తెలుసు. తారీఖు తెలుసు. శనివారం. వాన కూడా లేదు."

"నన్ను క్షమించవే రూలీ."

ఆమె లేచి కేకు కోసింది. పండ్లు ఎక్కువున్న వైపు చూసి పెద్ద ముక్క పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చింది.

"తిను."

"ఎలా తినమంటావే?"

"తిను. వచ్చింది నువ్వొక్కదానివేగా."

తిన్నాను. ఎదురుగా నిలబడి, ముక్క అయ్యేదాకా నా వైపే చూసింది. ఖాళీ పళ్ళెం నా చేతిలోంచి తీసుకుంది.

"ఇక నువ్వు కూడా వెళ్ళు," అంది.